మళ్ళీ చెప్పండి, టైటస్ మాస్టారూ

ఇందుకూరుపేటలో టైటస్ మాస్టారి ముందు ఇంగ్లీషు ముక్క మాట్లాడాలంటే డిగ్రీలు చదివినవాళ్ళు కూడా ఒకసారి గొంతు సవరించుకుంటారు. ఆయన కొట్టరు, తిట్టరు. మాట మన నోట్లోంచి ఊడిపడగానే తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి, "మళ్ళీ చెప్పు" అంటారు. అంతే! ఆ రెండు మాటలకి ముప్పయ్యేళ్ళుగా చెమటలు కక్కినవాళ్ళు మండలమంతా ఉన్నారు. బ్యాంకు మేనేజరు ఏదో ఫారం ఇస్తూ "సిగ్నేచర్" అన్న మాటని తొక్కేస్తే, వెనకాల పదిమంది క్యూలో నిలబడి ఉండగానే మళ్ళీ చెప్పించారు. ఒకసారి నూటమూడు జ్వరంతో మంచం మీద మూలుగుతూ, సూది వేయడానికొచ్చిన డాక్టరు "టెంపరేచర్" అన్న తీరు నచ్చక, దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి "మళ్ళీ చెప్పు నాయనా" అన్నారట. జ్వరమైతే తగ్గింది కానీ, ఆ డాక్టరు మాత్రం ఆ తర్వాత ఆ వీధిలోకి రావడం తగ్గించాడు.

ఇంత పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందంటారా? వాళ్ళ నాయన హెబ్రోను ఉప్పుమళ్ళలో కూలి. కొడుకు చదువుకుంటానంటే ఎక్కడో సంపాదించి, అట్టలూడిపోయిన డిక్షనరీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో ప్రతి మాట పక్కనా ఎలా పలకాలో గుర్తులుంటాయి. పలికి చూపించేవాళ్ళు లేరు, విని దిద్దేవాళ్ళు లేరు. ఆ గుర్తుల్నే నమ్ముకుని, గోడకే అప్పజెప్పుకుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నారు మాస్టారు. ఆ ఇంగ్లీషుతోనే స్కూల్లో ఉద్యోగం వచ్చింది, పేరొచ్చింది. రిటైరై మూడేళ్ళయినా ఆ పేరు చెక్కుచెదరలేదు. చర్చిలో వాక్యం చదివే వంతు ఎవరిదైనా సరే, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అంటూ నోరు తిరగని పేర్లు వరసగా వచ్చే భాగం పడిందంటే అందరూ ఆయనవైపే చూస్తారు. ఆయన లేచి గుక్క తిప్పుకోకుండా చదివేస్తారు. ఆయన ఎలా పలికితే ఆ పేరు అదే. కాదనడానికి ఆ పేర్లుగలవాళ్ళెవరూ వచ్చి బెంచీల మీద కూర్చోరు కదా!

ఇంత పేరున్న మనిషి కడుపులో ఒక ముల్లు ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట చర్చికి ఎవరో దొరగారు వచ్చి ప్రసంగం చేస్తే, దాన్ని తెలుగులో చెప్పే పని మాస్టారి మీద పడింది. దొరగారు మైకు పట్టుకుని నోరు తెరిచారు. మాస్టారికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! డిక్షనరీలో విడివిడిగా కూర్చున్న మాటలన్నీ ఆ దొర నోట్లో కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి వస్తున్నాయి. చర్చి నిండా జనం. పారిపోవడానికి దారి లేదు. ఏం చేస్తారు? దొరగారు ఆగినప్పుడల్లా తనకి తోచిన ప్రసంగం తాను చెప్పేశారు. అలా నలభై నిమిషాలు. జనం కళ్ళు తుడుచుకున్నారు, ఆమేన్ అన్నారు. ఆ రోజు నుంచి ఎవరైనా తన ఇంగ్లీషుని పొగిడితే చాలు, మాస్టారికి ఒళ్ళు చల్లబడేది. ఎప్పుడో ఒకరోజు, ఎవరో ఒకరు లేచి తననే "మళ్ళీ చెప్పు" అంటారని భయం. ఆ భయం కొద్దీ పక్కవాళ్ళని ఇంకా గట్టిగా దిద్దుతూ వచ్చారు.

అలాంటి మనిషి దగ్గరికి మొన్న వేసవిలో కిషోర్ బాబు వచ్చాడు. కృష్ణపట్నం దగ్గర ఒక ప్లాంటు గెస్ట్‌హౌస్‌కి అతను సూపర్‌వైజరు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. మిషన్ల రిపేరుకి చైనా నుంచి ఏడుగురు ఇంజనీర్లు వస్తున్నారు, మూడు నెలలు ఉంటారు. కిందటిసారి వచ్చినవాళ్ళకి బల్ల మీద పెట్టిందేమిటో తెలియక సగం తిండి గిన్నెల్లోనే మిగిలిపోయిందట. అందుకని ఈసారి వడ్డించేవాళ్ళు గిన్నె పెడుతూ దాని పేరు చైనా భాషలోనే చెప్పాలని పైవాళ్ళ ఆర్డరు. వంటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన కాగితం కూడా ఇచ్చారు.

"ఆరుమంది ఉండారు సార్ వడ్డించేదానికి. శుక్రవారం మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు భోజనానికి కూర్చుంటాడు. ఆ పూట ఎవరికి నోరు తిరగకపోతే వాళ్ళని మానిపించేయమన్నారు. మీరైతే నాలుగు రోజుల్లో దోవలో పెడతారని నేను మాటిచ్చేసినా" అన్నాడు కిషోర్ బాబు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కాగితం చూశారు. ఇంగ్లీషు అక్షరాలే కదా అనుకున్నారు.

"ఇదేమంత పని నాయనా" అన్నారు.

ఆ ఆరుగురిలో దుర్గ ఒకతి. ఆమెను అక్కడ చేర్పించింది మాస్టారే. దుర్గది మైపాడు దగ్గర జాలర్ల పాళెం. పద్దెనిమిదేళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట వీధుల్లో చేపలమ్మింది. కిందటేడు మోకాలు అరిగిపోయింది. ఇంకా బరువులు మోస్తే ఆ కాస్త నడకా పోతుందని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే. మాస్టారు కిషోర్ బాబుతో "మనిషి నిప్పు. ఆమెకు నాదీ పూచీ" అని చెప్పి ఈ పని ఇప్పించారు. పని దొరికిన రోజున దుర్గ తన అల్యూమినియం తట్ట తెచ్చి మాస్టారి పెరట్లో బోర్లించి, "ఇంక దీంతో నాకు పన్లేదమ్మా, మీరు వడియాలు ఎండబెట్టుకోండి" అని మాస్టారి భార్య కరుణాకుమారికి ఇచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

సోమవారం పొద్దున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంపెనీ వ్యానెక్కి వెళ్ళి, గెస్ట్‌హౌస్ డైనింగు హాల్లో పాఠం మొదలుపెట్టారు. మాట మొదట్లో ఎక్స్ వస్తే "జ" అని పలకాలని డిక్షనరీ చెబుతుంది. కాబట్టి ఉడకబెట్టిన రొయ్యలు "బైజువో జియా" అయ్యాయి. క్యూ వస్తే "క్వ" కనుక ఆవిరి మీద ఉడికించిన చేప "క్వింగ్ జెంగ్ యు" అయి కూర్చుంది. సి అంటే "క" కదా, ఉల్లికాడల రొట్టె "కాంగ్ యూ బింగ్" అయింది. టమాటాలూ కోడిగుడ్లూ కలిపి వేయించిన కూర "జిహాంగ్షి చావో జిడాన్". మాస్టారు చెప్పడం, ఆరుగురూ అనడం. ఐదుగురు ఎలాగోలా పట్టుకున్నారు. దుర్గకి మాత్రం చేప దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడిపోయేది.

"కింగు."

"మళ్ళీ చెప్పు."

"కువింగు."

"క్వింగ్. మళ్ళీ చెప్పు."

మంగళవారం సాయంత్రానికి ఆ ఒక్క మాటే ఆమె చేత నలభైసార్లు అనిపించారు. దుర్గ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "సార్, ఇయన్నీ ఫోన్లో ఇనొచ్చంట గదా. ఒకసారి పెట్టి ఇంటే..." అంది భయంభయంగా.

"ఫోను నాకు నేర్పించాల్నా దుర్గా?" అన్నారు మాస్టారు. గట్టిగా ఏమీ అనలేదు. అయినా ఆమె మళ్ళీ నోరెత్తలేదు. కిషోర్ బాబు గుమ్మంలో నిలబడి అంతా విని, "సూపర్ సార్! అచ్చం చైనావాళ్ళే" అని సర్టిఫికెట్టు ఇచ్చేశాడు. అతనికేం తెలుసు పాపం!

బుధవారం దుర్గ పాఠానికి రాలేదు, ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. ఆ పొద్దునే చైనా ఇంజనీర్లలో లియూ అనే ఆమె సామాన్లు చూసుకోవడానికి అందరికంటే ముందు దిగింది. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. వరండాలో కూర్చుని ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసుకుని తాగుతోంది. మాస్టారు వెళ్ళి పలకరించారు. ఆమె ఇంగ్లీషు నిదానంగా, మాటకీ మాటకీ మధ్య చోటు విడిచిపెట్టి మాట్లాడుతుంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ప్రతి ముక్కా అర్థమవుతోంది! ఆ ఊపులో జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని, వంటల పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చర్చిలో చదివినట్టు చదివి వినిపించారు.

లియూ ఎంతో శ్రద్ధగా విన్నది. ఆయన ఆపాక నవ్వుతూ, "చాలా బాగుంది సార్. మీ తెలుగు వినడానికి పాటలాగా ఉంటుందని మావాళ్ళు చెప్పారు. నిజమే. ఇంతకీ దీనర్థం ఏమిటి?" అని అడిగింది.

మాస్టారు కాగితం ఆమె చేతికిచ్చారు.

లియూ కాగితం చూసి "ఓ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా ఒక్కొక్క పేరూ చదివింది. అందులో జియా లేదు. క్వింగూ లేదు. "శ్యా" అట, "ఛింగ్" అట. అంతవరకే అయితే దిద్దుకోవచ్చు. ఒక్కో మాటకీ గొంతు ఒక్కో ఎత్తులో పలుకుతోంది. ఒకటి బిగించి లాగిన తాడులాగా నేరుగా పోతుంది, ఒకటి పైకి లేస్తుంది, ఒకటి ధడాలున కింద పడుతుంది. కాగితం మీద ఆ సంగతి చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. మాస్టారి ముఖంలో రంగు మారడం చూసి లియూ కంగారుపడింది. "లేదు లేదు, మీరు బాగా చదివారు సార్. వెరీ గుడ్, వెరీ గుడ్" అంది.

ఆ "వెరీ గుడ్" మాస్టారికి పాత చుట్టమే. బళ్ళో పిల్లల్ని ఆయన రెండు రకాలుగా చూసేవారు. నేర్చుకోగలడనుకున్నవాణ్ణి "మళ్ళీ చెప్పు" అని ప్రాణం తీసేవారు. ఇంక వీడికి రాదులే అనుకున్నవాణ్ణి చిన్నబుచ్చడమెందుకని "వెరీ గుడ్" అని భుజం తట్టి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు తాను ఆ రెండో రకంవాళ్ళ బెంచీలో కూర్చున్నారు.

ఆ సాయంత్రం వ్యానులో ఇంటికి వస్తుంటే ఆయన మనసు ఊరుకోలేదు. ఇప్పుడెవరికి తెలుసు? కిషోర్ బాబు మెచ్చుకున్నాడు. ఆ లియూ మంచి మనిషి, బయటపెట్టదు. శుక్రవారం ఏదైనా తేడా వస్తే, దుర్గకి నోరు తిరగలేదంటే నమ్మనివాడు ఎవడు? చదువురాని మనిషి కదా. ఈ మాట తన బుర్రలోంచే పుట్టిందని తెలిసేసరికి మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆ ఆలోచన మాత్రం వదలలేదు. సీట్లో పక్కనే కూర్చుని ఇంటిదాకా వచ్చింది.

ఇంట్లో కరుణాకుమారి వసారాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"దుర్గ వచ్చి పోయింది" అంది తలెత్తకుండానే. "తట్ట తీసకపోయింది."

"తట్టా? ఎందుకు?"

"ఎందుకేంది, చేపలమ్ముకునేదానికి. రేపొచ్చి మీకు చెప్పి పని మానేస్తాదంట. 'నాది మొద్దునోరమ్మా, ఎంత తిప్పినా తిరగదు. సార్ నాకు పూచీ పడినాడు. అందరి ముందర ఆయన పరువు నేను తియ్యలేను' అని ఒకటే ఏడుపు. ఆ మోకాలితో మళ్ళా తట్టెత్తుకుంటే ఎన్నాళ్ళు నడస్తాది చెప్పండి?"

మాస్టారు గడప మీదే కూలబడ్డారు. ఆ మొద్దునోరు ఎవరిదో ఆయనకు తెలుసు. ఇంక దాచలేక పొద్దున జరిగిందంతా చెప్పేశారు. లియూ అడిగిందీ, తాను వ్యానులో అనుకున్నదీ, ఏదీ వదల్లేదు. అంత చెప్పాక కడుపులో ఉన్న ముల్లు కూడా తనంతట తానే పైకి వచ్చింది.

"ఇంకోటి ఉంది కరుణా. ఆ దొరగారి ప్రసంగం..."

"దొర ఆడ పొట్ట పట్టుకుని నవ్వతా ఉంటే, మీరు ఈడ నరకంలో మంటల గురించి చెప్తా ఉంటిరి. అదేనా?"

"నీకు తెలుసా?" అన్నారు మాస్టారు.

"నాకేంది, ఆడోళ్ళ వరసంతటికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా తలుచుకుని నవ్వుకుంటానే ఉండాం. మీరు చెప్పింది బాగుండె, అందుకని ఎవరం నోరెత్తలా."

"మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్కమాట అనలేదే?"

"అంటే మీరు 'మళ్ళీ చెప్పు' అంటారు గదా" అంది కరుణాకుమారి. అని ఆపుకోలేక ఫక్కున నవ్వింది.

మాస్టారు ముందు ఉడుక్కున్నారు. తర్వాత, దొర నవ్వుతుంటే తాను మండే గంధకం గురించి గొంతు చించుకోవడం కళ్ళముందు కనబడి, ఆయనకీ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై రెండేళ్ళ బరువు! ఇంత తేలిగ్గా దిగిపోయేదాన్ని ఇన్నేళ్ళు ఎందుకు మోశారో ఆయనకే అర్థం కాలేదు.

"చర్చిలో మీరు చదివే పేర్లోళ్ళు ఎవురూ వచ్చి అడగరు" అంది కరుణాకుమారి చిక్కుడు ఈనెలు దులుపుకుంటూ. "వీళ్ళు బల్లకాడే కూర్చుంటారు. పొద్దున్నే పొయ్యి చెప్పేయండి."

గురువారం పొద్దున వ్యానులో దుర్గ ఎక్కింది. ముఖం వాచి ఉంది. మాస్టారిని చూసి ఏదో చెప్పబోతే, "అక్కడికి పోయినాక మాట్లాడుకుందాం దుర్గా" అన్నారాయన. డైనింగు హాల్లో ఆరుగురూ కూర్చున్నారు. కిషోర్ బాబు ఎప్పట్లాగే గుమ్మానికి ఆనుకున్నాడు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"మూడు రోజులుగా నేను మీకు చెప్పిందంతా తప్పు" అన్నారు. "ఒక్క మాట కూడా సరైంది కాదు. ఆ భాష నాకు రాదు. వచ్చినట్టు నటించినాను. ఫోన్లో విందామంటే దుర్గ నోరు మూయించినాను. తప్పు నాది. నన్ను క్షమించండి."

కిషోర్ బాబు గుమ్మం వదిలి నిటారుగా నిలబడ్డాడు. దుర్గ మాత్రం నమ్మలేనట్టు చూస్తూ ముందుకు వంగింది.

"అంటే... నా నోరు మంచిదేనా సార్?"

"నీ నోరు బంగారమమ్మా. నేను నేర్పించిందే దరిద్రంగా ఉంది."

"అయ్యో దేవుడా!" అంది దుర్గ. అని ముఖం కొంగులో దాచుకుంది. ఏడుస్తోందేమోనని పక్కామె భుజం మీద చెయ్యి వేస్తే, తీరా చూస్తే నవ్వుతోంది. "ఆ కువింగు నాకు కల్లోకి కూడా వచ్చింది సార్! రాత్రంతా అదే గొణిగినానంట!" అంది. దాంతో ఐదుగురూ గొల్లున నవ్వారు. ఇంకొకామె తనకూ ఏమీ రాలేదని, పెదాలు ఆడించి గుంపులో కలిసిపోయానని ఒప్పేసుకుంది. ఎవరి గుండెల మీది బండ వాళ్ళు దించుకున్నారు. కిషోర్ బాబు ఒక్కడే గోళ్ళు కొరుక్కుంటూ, "ఒక్కరోజే ఉండాది సార్" అన్నాడు.

"ఒక్కరోజు చాలు" అని మాస్టారు బయటికి వెళ్ళి లియూని వెంటబెట్టుకొచ్చారు. తాను వెళ్ళి దుర్గ పక్కన కుర్చీలో కూర్చున్నారు, చేతిలో తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని.

లియూ మొదట రొయ్యల పేరు చెప్పింది. "బాయ్ జువో శ్యా." ఆ చివరి "శ్యా" ఎత్తులో మొదలై, అదే ఎత్తులో, ఎక్కడా వంగకుండా నిలిచింది. దుర్గ గబుక్కున లేచి నిలబడింది.

"సార్! ఇది రొయ్యల కేక గదా!"

ఎవరికీ అర్థం కాలేదు. "కేకేంది దుర్గా?" అన్నారు మాస్టారు.

"మేం ఈదిలో అరిచే కేక సార్. ఇండ్లల్లో టీవీలూ మిక్సీలూ మోగతా ఉంటాయి. మా మాట ఆడ ఎవురికి ఇనబడతాది? అందుకే ఒక్కోదానికి ఒక్కో రాగం పెట్టుకుంటాం. రాగమిని రొయ్యలో, వంజరం చేపో లోపలే తెలుసుకుంటారు." దుర్గ నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "రొయ్యా..." అని ఒక్క కేక పెట్టింది. హాల్లో గాజు గ్లాసులు గణగణమన్నాయి. ఆ "య్యా" ఇందుకూరుపేటలో ప్రతి ఇంటికీ తెలిసిన "య్యా". పద్దెనిమిదేళ్ళపాటు మాస్టారు తన గదిలో కూర్చుని ఆ కేక వినే, "కరుణా, రొయ్యలొచ్చినాయి" అంటూ వచ్చారు. ఏనాడూ దాన్ని చదువనుకోలేదు.

లియూ చప్పట్లు కొట్టింది. "అదే! సరిగ్గా ఆ ఎత్తే!" అంది.

ఇంక దుర్గని ఆపేవాళ్ళు లేరు. చేప పేరులో చివరి "యూ" పైకి లేస్తే, "ఇది వంజరం కావాల్నా అని అడిగినట్టుండాది" అంది. కోడిగుడ్డు పేరు చివర "దాన్" ధడాలున పడితే, "తట్టలో మూతిపెట్టే పిల్లిని ఛీ పో అంటాం చూడు, అట్టా" అంది. రొట్టె పేరులో "బింగ్" కిందికి దిగి మళ్ళీ లేస్తే ఒక్క క్షణం ఆలోచించి, "బేరం మరీ తగ్గించి అడిగినోళ్ళని అబ్బో... అంటామే, అదీ!" అంది. మిగతా ఐదుగురూ ఆమె వెంట అరిచారు. లియూ చెప్పడం, దుర్గ దానికో వీధి కేక దొరకబుచ్చుకోవడం, అందరూ దాన్ని పట్టుకోవడం. మాస్టారు ఇంగ్లీషు అక్షరాలున్న కాగితం మడిచి జేబులో పెట్టేసి, తెల్లకాగితం మీద తెలుగులో రాసుకున్నారు. "సి" దగ్గర తాను మూడు రోజులు "క" అని పలికించిన శబ్దం, "చాలు" అనేటప్పుడు మన నోట్లో పలికే "చ"కి దగ్గరగా ఉందని కనిపెట్టి, అది మాత్రం తానే అందరికీ చెప్పారు. అంతమాత్రం గురువు పని చేయనివ్వండి పాపం.

సాయంత్రం నాలుగింటికి కిషోర్ బాబు గోళ్ళు కొరకడం మానేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు వచ్చాడు. సున్ ఆయన పేరు. అరవై దాటిన మనిషి, బక్కగా, ప్రయాణంలో నలిగిపోయి ఉన్నాడు. ప్లాంటు పెద్దలు కూడా బల్ల చుట్టూ కూర్చున్నారు. మాస్టారు వంటింటి తలుపు వెనక నిలబడ్డారు. చూసే ధైర్యం లేదు, వినడానికే నిలబడ్డారు. మొదటి గిన్నె దుర్గది. ఆమె చెప్పుల చప్పుడు బల్లదాకా వెళ్ళింది. గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఆమె నోరు తెరువు" అనుకున్నారు.

"బాయ్ జువో శ్యా!"

వీధి చివరి ఇంటికి వినబడాలన్నట్టు అంది దుర్గ. పెద్దాయన చేతిలో తినే పుల్లలు ఆగిపోయాయి. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. "శ్యా" అన్నాడు, అదే ఎత్తులో. "శ్యా" అంది దుర్గ మళ్ళీ. ఆయన ముఖమంతా నవ్వయిపోయింది. రొయ్యల గిన్నె తనవైపు లాక్కుని, పక్కవాళ్ళకి పెట్టకుండా నాలుగు రొయ్యలు తన పళ్ళెంలో వేసుకున్నాడు. కిషోర్ బాబు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "ఇంకో గిన్నె రొయ్యలు సార్!" అని మాస్టారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. మాస్టారు అప్పుడు తలుపు సందులోంచి బయటికి తొంగిచూశారు. తర్వాత ఒకామె కంగారులో రొట్టెను చేప అంది. పెద్దాయన పకపక నవ్వి ఆ రొట్టే తిన్నాడు. ఎవరినీ మానిపించలేదు. గిన్నెలు ఖాళీగా లోపలికి వచ్చాయి. దుర్గ వంటింటి మూల నిలబడి కరుణాకుమారికి ఫోన్ చేసి, "అమ్మా, తట్ట సాయంత్రం తెచ్చిచ్చేస్తా. వడియాల పిండి కలుపుకోండి" అని చెప్పింది.

భోజనాలయ్యాక, వీళ్ళకి నేర్పించిందెవరని పెద్దాయన అడిగాడు. కిషోర్ బాబు మాస్టారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టాడు. నేను కాదు, దుర్గ అని మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు. పెద్దాయన ఒప్పుకోలేదు. మీరూ ఒకటి చెప్పాల్సిందేనన్నాడు.

బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని, "శ్యా" అన్నారు. అది ఎత్తులో మొదలై, మధ్యలో జారి, పిల్లిని అదిలించినట్టు కింద పడింది.

"వెరీ గుడ్" అన్నాడు పెద్దాయన మర్యాదగా. "వెరీ గుడ్, వెరీ గుడ్" అన్నారు మిగతావాళ్ళు. లియూ కూడా అంది. మాస్టారు నవ్వి తల వంచారు. సరే, వయసైపోయింది, ఇంక మనకి ఇంతే అనుకున్నారు.

వెనక నుంచి గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. దుర్గ ముందుకొచ్చింది. తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి, అంతమంది పెద్దవాళ్ళు చూస్తుండగానే అంది:

"మళ్ళీ చెప్పండి సార్."

కిషోర్ బాబు గుడ్లు తేలేశాడు. మాస్టారు ఆమెవైపు చూశారు. ఇరవై రెండేళ్ళుగా ఏ మాటకైతే భయపడ్డారో అదే మాట. వినడానికి ఇంత బాగుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇంతమందిలో ఈమె ఒక్కతే తనకి వస్తుందని నమ్ముతోంది.

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చెప్పారు.